గునపానికి ముందు సంతకం

కట్టడాల కూల్చివేతపై సుప్రీంకోర్టు ఆరు నెలల వ్యవధిలో రెండు మాటలు చెప్పింది. 2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల ధర్మాసనం, ఒక మనిషిపై నేరారోపణ వచ్చినంత మాత్రాన అతని ఇంటిని నేలమట్టం చేసే అధికారం ప్రభుత్వానికి లేదని తీర్పు ఇచ్చింది. పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలనీ, చెప్పుకునేది వినాలనీ, ఉత్తర్వు తరువాత అప్పీలుకు మరో పదిహేను రోజుల గడువు వుండాలనీ నిర్దేశించింది. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం, కలకత్తాలో అనుమతి లేకుండా లేచిన అంతస్తుల వ్యవహారంలో, అక్రమ కట్టడాలపై కనికరం తగదన్నది. ముందు కట్టివేసి ఆ తరువాత క్రమబద్ధం చేయమని చేతులు జోడించేవారికి న్యాయస్థానాలు అండగా నిలవరాదన్నది.

రాజధానిలో మొదటి తీర్పును పొగిడినవారు కొందరు రెండవదాని ఊసెత్తలేదు. రెండవదాన్ని ఆహ్వానించినవారు కొందరు మొదటిది ప్రభుత్వాల చేతులు కట్టివేసిందని సణిగారు. ఒక తీర్పు బుల్డోజరును ఆపమన్నదనీ, మరొకటి తోలమన్నదనీ వీరి లెక్క. నా దృష్టిలో ఈ రెండు తీర్పులకూ వైరుధ్యం లేదు. యంత్రం కంటే ముందు చట్టం నడవాలన్నదే రెండింటి సారాంశం. కాగా, రెండు పక్షాలవారూ యంత్రాన్ని చూస్తున్నారు గాని, అది రావలసిన పరిస్థితిని కల్పించిన సంతకాన్ని చూడడం లేదు. ఆ సంతకం సంగతి తెలుసుకోవడానికి, 1911 దాకా ఈ దేశానికి రాజధానిగా వున్న నగరం కంటే మంచి పాఠశాల లేదు. 2001లో దాని పేరు అధికారికంగా కోల్‌కతా అయింది. పాత అలవాటు కొద్దీ నేను కలకత్తా అనే అంటాను.

రాత్రికి రాత్రి లేవని భవనం

2024 మార్చి 17 అర్ధరాత్రి కలకత్తా రేవు ప్రాంతమైన గార్డెన్ రీచ్‌లో, నిర్మాణంలో వున్న అయిదంతస్తుల భవనం కుప్పకూలింది. అది పక్కనే వున్న గుడిసెల మీద పడింది. పదిమందికి పైగా చనిపోయారు. ఆ భవనానికి ప్లాను మంజూరు లేదని మర్నాడు అధికారులే ప్రకటించారు. ప్రమోటరును అరెస్టు చేశారు. బిల్డరును కలకత్తాలో ప్రమోటరు అంటారు. ముగ్గురు కార్పొరేషన్ ఇంజనీర్లకు సంజాయిషీ నోటీసులు వెళ్లాయి. అప్పటి మేయరు ఫిర్హాద్ హకీమ్, ఈ జబ్బు వామపక్షాల హయాం నుంచి వస్తున్నదేనన్నారు. గార్డెన్ రీచ్ ఆయన సొంత శాసనసభా నియోజకవర్గంలోని ప్రాంతం. వామపక్షాలు అధికారం నుంచి దిగి అప్పటికి పదమూడేళ్లయింది.

అయిదంతస్తులు రాత్రికి రాత్రి లేవవు. పునాది తవ్వాలి, ఇనుము దిగాలి, ఇసుక లారీలు ఇరుకు సందులో వెనక్కీ ముందుకూ తిరగాలి, ఒక్కొక్క శ్లాబు పోసి రోజుల తరబడి తడపాలి. ఆ సందులోని టీ దుకాణం వానికి తెలిసిన విషయం వార్డు ఇంజనీరుకు తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? చట్టం చేతకానిదనే సాకూ లేదు. 1980 నాటి కలకత్తా మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలో 401వ సెక్షను కింద పనిని మధ్యలోనే ఆపించవచ్చు. 400వ సెక్షను కింద కూల్చివేతకు ఉత్తర్వు ఇవ్వవచ్చు. మరీ అత్యవసరమైతే నోటీసు అక్కరలేకుండా వెంటనే కూల్చే అధికారాన్ని కూడా అదే సెక్షను ఎనిమిదవ ఉపవిభాగం మేయరు మండలికి ఇచ్చింది. అక్రమ నిర్మాణాన్ని నేరంగా పరిగణించి జైలుకు పంపే నిబంధన వేరే వున్నది. లేనిది ఆ కాగితం మీద, ఆ సమయానికి, సంతకం ఒక్కటే.

గుడిసెలలో నిద్రపోతూ చనిపోయినవారు ఆ భవనాన్ని కట్టలేదు, కొనలేదు, అందులో అద్దెకూ లేరు. దాని నీడన వుండడమే వారు చేసిన పని. నోటీసు లేకుండా, విచారణ లేకుండా వారి ఇళ్లు కూలిపోయాయి. చేయవలసిన సంతకం చేయకపోవడం కూడా కూల్చివేతేనని నేను అనడానికి కారణం ఇదే.

చెరువు మీద ఇల్లు

మరుసటి సంవత్సరం జనవరి 14న దక్షిణ కలకత్తాలోని బాఘాజతిన్‌లో, విద్యాసాగర్ కాలనీ అనే పాత కాందిశీకుల పేటలో, నాలుగంతస్తుల భవనం ఒకటి పక్కకు ఒరిగిపోయింది. అంతకుముందే ఒరుగుతున్న దానిని జాకీలు పెట్టి నిలబెట్టే ప్రయత్నంలో ఈ ప్రమాదం జరిగింది. కాపురమున్నవారిని అప్పటికే ఖాళీ చేయించడం వల్ల ప్రాణాలు దక్కాయి. కార్పొరేషన్ వచ్చి దాన్ని కూల్చింది. పూడ్చిన నీటిగుంట మీద దాన్ని కట్టారని అప్పుడు బయటపడింది.

పశ్చిమ బెంగాల్ లోతట్టు మత్స్య చట్టం ప్రకారం అయిదు కట్టాలు, అంటే మన లెక్కలో 400 చదరపు గజాలు, అంతకు పైబడిన నీటిగుంటను పూడ్చడం నేరం. ఈ నిషేధం 1993 నుంచి అమలులో వున్నది. బెంగాలీలో పుకుర్ అనే ఈ గుంటలు కలకత్తాలో ఒకప్పుడు పేటపేటకూ వుండేవి. వాననీటిని అవే మింగేవి. వాటిలో ఎన్నింటి మీదనో ఇవాళ అపార్ట్‌మెంట్లు నిలిచివున్నాయి. కొన్నవాడు జీవితకాలపు పొదుపు పోసి కొన్నాడు. భవనం ఒరిగిన నాడు అమ్మినవాడు కనిపించడు. పూడిక చూసీ చూడనట్టు వూరుకున్న ఉద్యోగి బదిలీ అయి వుంటాడు, లేదా పింఛను పుచ్చుకుంటూ వుంటాడు. వీధిలో మిగిలేది కొన్నవాడొక్కడే.

కొనేవాడు కాగితాలు చూసుకోవద్దా అని అడిగేవారు వుంటారు. చూసుకోవలసినదే. కాని నేల కింద చెరువు వున్నదో లేదో తెలుసుకునే సాధనం సామాన్యుని వద్ద ఏమున్నది? పటాలు ప్రభుత్వం వద్ద వున్నాయి. తనిఖీ చేసే ఇంజనీరు జీతం ప్రభుత్వం ఇస్తున్నది. మన మునిసిపాలిటీలు అక్రమ కట్టడాలపై ఆస్తిపన్నును జరిమానాతో సహా వసూలు చేస్తాయి, రసీదు కూడా ఇస్తాయి. ఒక చేత్తో రసీదు ఇచ్చిన సర్కారు రెండవ చేత్తో గునపం పట్టుకుంటే, మొదటి చేతిని ప్రశ్నించే బాధ్యత ఎవరిది?

2012 అక్టోబరులో కూడా సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది కలకత్తా కట్టడమే. అనుమతికి మించి అంతస్తులు లేపిన ఆ వ్యవహారంలోనూ న్యాయమూర్తులు ఇంత కఠినంగానే మాట్లాడారు. 2025లో మళ్లీ అదే నగరం, అదే నేరం, అవే హెచ్చరికలు. పదమూడేళ్లలో రాష్ట్రంలో ఇతర విషయాలు ఎన్ని మారినా ఇది మారలేదు. లెఫ్ట్‌ఫ్రంట్ కాలంలో ఎర్రజెండా నీడన పనిచేసిన ప్రమోటరు, ప్రభుత్వం మారగానే జెండా మార్చుకున్నాడే గాని పద్ధతి మార్చుకోలేదన్నది ఆ నగరంలో ఎవరిని అడిగినా చెప్పే మాట.

కాగితాలు సవ్యంగా వున్నప్పుడు

అక్రమ కట్టడాల మాట అలా వుంచి, కాగితాలన్నీ సవ్యంగా వున్నవారి గతి చూద్దాం. మధ్య కలకత్తాలోని బౌబజారులో దుర్గా పితూరీ లేన్, స్యాక్రాపారా లేన్ అనే ఇరుకు సందులున్నాయి. స్యాక్రాపారా అంటే కంసాలుల పేట. నగల పనివారు, పాత కుటుంబాలు తరాలుగా అక్కడ వున్నాయి. 2019 ఆగస్టు 31న ఆ ఇళ్ల కింద తూర్పు పడమర మెట్రో సొరంగం తవ్వుతున్న యంత్రం భూగర్భ జలపు పొరను తాకింది. నీరు, మట్టి సొరంగంలోకి చొచ్చుకువచ్చి, పైన నేల కుంగింది. గోడలు చీలాయి. కొన్ని ఇళ్లు వాటంతటవి కూలాయి, మరికొన్నింటిని ప్రమాదం పేరిట కూల్చారు. కట్టుబట్టలతో బయటకు వచ్చినవారిని హోటళ్లకు తరలించారు. కుటుంబానికి అయిదు లక్షల రూపాయల పరిహారం ఇచ్చారు. 2022 మే నెలలో అదే పేటలో మళ్లీ ఇళ్లు బీటలు వారాయి.

ఇక్కడ తవ్వినది మున్సిపాలిటీ కాదు, కేంద్రప్రభుత్వపు రైల్వేశాఖ అజమాయిషీలోని సంస్థ. కనుక ఢిల్లీలో కూర్చుని కలకత్తా కార్పొరేషన్‌ను మాత్రమే తప్పుపట్టడం సాధ్యం కాదు. 2025 ఆగస్టు 22న ప్రధానమంత్రి ఎస్ప్లనేడ్, సియాల్దా స్టేషన్ల మధ్య ఆ మార్గాన్ని ప్రారంభించారు. నగరానికి ఆ రైలు అవసరమే, నేను కాదనను. కాని రైలు కదిలిన నాటికి కూడా సొంత ఇంటి తాళం చేతికి రాని కుటుంబాలు బౌబజారులో వున్నాయి. వీరికి నోటీసు ఎవరు ఇచ్చారు? సొరంగం ఆ మార్గాన పోవచ్చునని సంతకం చేసినవారిని ఏ న్యాయస్థానం సొంత జేబు నుంచి చెల్లించమన్నది?

కలం ఎంత పదునైనదో తెలియాలంటే మరొక ఉదాహరణ వున్నది. లిటిల్ రస్సెల్ వీధిలోని పాత కెనిల్‌వర్త్ హోటలు కార్పొరేషన్ వారసత్వ కట్టడాల జాబితాలో కూల్చడానికి వీలులేని తరగతిలో వుండేది. దాన్ని ఒక మెట్టు దించి, కూల్చడానికి వీలున్న తరగతిలో చేర్చారు. 2018లో అది నేలమట్టమయింది. ఎవరూ చట్టాన్ని ఉల్లంఘించలేదు, ఉల్లంఘించవలసిన అవసరం లేకుండా జాబితానే దిద్దారు. కూలీలు గునపాలతో వచ్చేసరికి ఆ భవనం కాగితం మీద అప్పటికే కూలిపోయివున్నది.

ఇది కొత్త విద్య కాదు. కలకత్తా విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్‌ను 1960లో కూల్చినది ఆక్రమణదారులు కాదు, విశ్వవిద్యాలయమే. 1870లలో లేచిన ఆ గంభీరమైన స్తంభాల మందిరంలోనే 1932 ఫిబ్రవరి 6న స్నాతకోత్సవం జరుగుతుండగా బీనా దాస్ బెంగాల్ గవర్నరుపై కాల్పులు జరిపింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921 నుంచి తత్త్వశాస్త్రం బోధించినది ఆ విశ్వవిద్యాలయంలోనే. శతాబ్ది ఉత్సవాల జ్ఞాపకంగా శతవార్షిక భవనం కట్టడానికి, దాదాపు తొంభై ఏళ్ల జ్ఞాపకాన్ని పడగొట్టారు. తీర్మానాలు, సంతకాలు అన్నీ వుండేవుంటాయి. చట్టబద్ధమైన పని అంతా సబబైన పని కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

పేవ్‌మెంటు మీది పౌరుడు

2024 నవంబరు తీర్పులో చాలామంది గమనించని వాక్యం ఒకటున్నది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలుమార్గపు ఒడ్డు, నది, జలాశయం మొదలైన బహిరంగ స్థలాలలోని అక్రమ కట్టడాలకు ఆ పదిహేను రోజుల రక్షణ వర్తించదు. చెరువులను, రహదారులను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఈ దేశంలో నిరుపేద నిలవగలిగిన చోట్లు సరిగ్గా అవే. కాలువ గట్టున, రైలు పట్టాల పక్కన, పేవ్‌మెంటు మీద. అందరికంటే రక్షణ అవసరమైనవాడే ఆ రక్షణకు వెలుపల వుండిపోయాడు.

కలకత్తాకు ఇది అనుభవమే. 1996 నవంబరు 24 రాత్రి, ‘ఆపరేషన్ సన్‌షైన్’ అనే పేరుతో, గడియాహాట్, శ్యామ్‌బజార్, హాతీబగాన్ వంటి కూడళ్లలో హాకర్ల దుకాణాలను పోలీసు బలగంతో పడగొట్టారు. సూర్యకాంతి అని పేరు పెట్టి పనిని చీకట్లో చేశారు. చేయించినది పేదల పార్టీగా పేరుపడిన లెఫ్ట్‌ఫ్రంట్ ప్రభుత్వం. కొద్దికాలానికే హాకర్లు తిరిగివచ్చారు, ఎందుకంటే వారికి వెళ్లడానికి మరో చోటు లేదు. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడివున్నదని బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి పదకొండేళ్లు. ఆ తరువాత 2014లో పార్లమెంటు వీధివ్యాపారుల చట్టం చేసి, సర్వే పూర్తికాకుండా ఎవరినీ తొలగించరాదన్నది. అయినా 2024 జూన్‌లో, అప్పటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఆగ్రహించిన వెంటనే, కలకత్తా పేవ్‌మెంట్ల మీదికి మళ్లీ బుల్డోజర్లు వచ్చాయి. కొద్దిరోజులకే ఆమె ఒక నెల గడువు ప్రకటించారు. చట్టం పదేళ్ల కిందటే ఇచ్చిన దాన్ని ముఖ్యమంత్రి దయగా పొందవలసివచ్చింది. హక్కు అనేది దయగా మారినచోట చట్టం కూలినట్టే లెక్క.

మన వాకిట్లో

ఇదంతా బెంగాలీల బాగోతమని తెలుగు పాఠకులు తేలికగా తీసుకోవడానికి వీలులేదు. కలకత్తా పోస్తా బజారులో వివేకానంద రోడ్డు వంతెన 2016 మార్చి 31న కూలి పాతికమందికి పైగా చనిపోయినప్పుడు, దాన్ని కడుతున్నది హైదరాబాదు కంపెనీయే. ఆ కంపెనీ అధికారి ఒకరు అది దైవఘటన అన్నారు. కంట్రాక్టు ఇచ్చినది వామపక్షాల కాలంలో, కూలినది తృణమూల్ కాలంలో. ఒకరినొకరు వేలెత్తి చూపడానికి ఎన్నికల తరుణం కూడా కలిసివచ్చింది. మిగిలిన భాగాన్ని కూల్చే పని 2021లో గాని మొదలుకాలేదు. ఆ అయిదేళ్లూ చుట్టుపక్కల కాపురాలు ఆ మొండి దిమ్మెల నీడలోనే సాగాయి.

మన గడ్డ మీద చూస్తే, 2007 డిసెంబరు 31న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 901 ద్వారా అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం తెచ్చింది. ఇదే ఆఖరుసారి అన్న హామీని నమ్మినవారు, 2015లో తెలంగాణ ప్రభుత్వం మళ్లీ అటువంటి పథకమే తేవడం చూశారు. కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో ప్రజావేదికను కట్టినది ఒక ప్రభుత్వం, 2019 జూన్‌లో కూల్చినది మరొక ప్రభుత్వం. కట్టడం అక్రమమైతే, ఒక ప్రభుత్వమే ప్రజాధనంతో దాన్ని కట్టడానికి సంతకం చేసినవారెవరు? కూల్చివేతతో ఆ ప్రశ్న కూడా తొలగిపోయింది. 2024లో హైదరాబాదులో హైడ్రా రంగంలోకి దిగి, ఆగస్టులో తమ్మిడికుంట చెరువు వద్ద సినీనటుని కన్వెన్షన్ హాలును కూల్చినప్పుడు పెద్దవారిని కూడా వదలరన్న సంతోషం జనంలో కలిగింది. సెప్టెంబరులో అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు కట్టడం కూల్చినందుకు హైకోర్టు అధికారులను నిలదీసినప్పుడు ఆ సంతోషం కొంత తగ్గింది. అయితే చెరువులలో అనుమతులు ఇచ్చిన ఆరుగురు అధికారులపై కేసులు పెట్టించడం హైడ్రా చేసిన పనులలో అన్నిటికంటే మంచిది. కూల్చివేత దృశ్యాలు చూపినంత ఉత్సాహంతో ఆ కేసుల పురోగతిని మన పత్రికలు చూపలేదన్నది కూడా నిజం.

చేయవలసినది

చట్టానికి వ్యతిరేకంగా కూల్చిన అధికారి సొంత డబ్బుతో ఆస్తిని పునరుద్ధరించాలని 2024 నవంబరు తీర్పు చెప్పింది. ఇది గొప్ప సూత్రం. కాని అది సగమే. అదే సంవత్సరం డిసెంబరు 17న మరొక తీర్పులో, మంజూరైన ప్లానును నిర్మాణస్థలంలో ప్రదర్శించాలనీ, కాలక్రమంలో తనిఖీలు జరపాలనీ, తప్పుడు ధ్రువపత్రాలు ఇచ్చిన అధికారులపై శాఖాపరమైన చర్య తీసుకోవాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. శాఖాపరమైన చర్య అంటే ఏమిటో ఈ దేశంలో చెప్పనక్కరలేదు. అన్యాయంగా కూల్చినవాడు జేబు నుంచి చెల్లించాలి గాని, అన్యాయంగా కట్టనిచ్చినవాడు సంజాయిషీతో సరిపెట్టుకోవచ్చునా?

కనుక నేను కోరేవి మూడు. కూల్చివేత ఉత్తర్వు వెలువడిన ప్రతిసారీ, ఆ కట్టడం లేచిన కాలంలో ఆ వార్డు బాధ్యత వహించిన అధికారుల పేర్లు, వారు జరిపిన తనిఖీల తేదీలు ఆ ఉత్తర్వులోనే అచ్చుకావాలి. నిర్లక్ష్యం రుజువైతే, మోసపోయి కొన్నవారి నష్టంలో కొంత వారి జీతం నుంచి, పింఛను నుంచి రావాలి. ఇక పేవ్‌మెంటైనా కాలువగట్టైనా, అక్కడ మనిషి కాపురమున్నా బతుకుతెరువు చూసుకుంటున్నా, ప్రత్యామ్నాయం చూపనిదే గునపం దిగరాదు.

ఇలా చేస్తే ఉద్యోగులు భయపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టరని ఢిల్లీ సెక్రటేరియట్లలో అనుభవజ్ఞులు అంటారు. ఆ వాదనలో కొంత బలం వున్నది. నిజాయితీగా పొరబడినవానికీ, తెలిసి కళ్లు మూసుకున్నవానికీ తేడా చూపే విచారణ వుండవలసినదే. కాని భయం అన్నది ఇప్పుడు కూడా వున్నది. అదంతా ఇంట్లో నిద్రించేవాడి వంతుగా వున్నది. అందులో కొంత భాగాన్ని కుర్చీలో కూర్చున్నవాడికి పంచమనడం అత్యాశ కాదు.

కూల్చివేత దృశ్యం జనానికి ప్రభుత్వం పనిచేస్తున్నదన్న భ్రమను కలిగిస్తుంది. నిజానికి అది ప్రభుత్వం పనిచేయలేదన్న ఒప్పుకోలు. గార్డెన్ రీచ్‌లో మొదటి శ్లాబు పోసిన నాడు ఒక ఇంజనీరు 401వ సెక్షను కింద ఒక్క కాగితం అందజేసివుంటే, ఏ బుల్డోజరూ అక్కరలేకపోయేది, ఆ గుడిసెలలోనివారు మర్నాడు లేచి తమ పనులకు వెళ్లేవారు. మన ఊళ్లలో ఇప్పుడు లేస్తున్న అంతస్తులను చూసి పాఠకులు అడగవలసినది ఎప్పుడు కూల్చుతారని కాదు. ఇవాళ దీన్ని ఆపవలసిన అధికారి పేరేమిటని.